వాన ఐలయ్యది

మా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కాపీ కొట్టడం కొత్త సంగతేం కాదు. సిలబస్ పక్క రాష్ట్రం నుంచి వచ్చేది. ప్రశ్నపత్రం కిందటేటిది. వైస్ చాన్సలర్ గారి స్నాతకోత్సవ ప్రసంగం అంతకుముందున్న వైస్ చాన్సలర్ గారిది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఒకింట్లో అక్కచెల్లెళ్లు ఒకరి చీర ఒకరు కట్టుకున్నట్టు గడిచిపోయేది. అలాంటి చోట కాపీ కొట్టారన్న నేరం మీద విచారణ ఎదుర్కొన్న మొట్టమొదటివాళ్లు ఇప్పలచెలక అనే ఊరికి చెందిన తొంభై మంది వరి రైతులు. వాళ్లలో సగం మందికి సంతకం పెట్టడం రాదు.

ఈ సంగతి చెప్పడానికి నాకు పూర్తి అర్హత ఉంది. ఆ విచారణ సంఘంలో నేనూ సభ్యుణ్ణే. వ్యవసాయ అర్థశాస్త్ర విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్ని, పేరు పురుషోత్తం.

అసలు గొడవ ఒక ఆవుతో మొదలైంది. మా దగ్గర ఒక పెద్దాయన రాసిన పుస్తకం, అంతకుముందే ఇంకో పెద్దాయన రాసిన పుస్తకమేననీ, అట్ట మీద ఆవు రంగు ఒక్కటే తేడా అనీ పత్రికలో వచ్చింది. పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనలేదు, పెద్దాయన కదా. బదులుగా విద్యార్థుల మీద నిఘా పెట్టారు. దాని పేరు మౌలికతా పరిరక్షణ కేంద్రం. డైరెక్టరుగా డాక్టర్ చక్రధర్ గారిని వేశారు. ఆయన కలుపు మొక్కల శాస్త్రవేత్త. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ పొలంలో ఉండకూడనిదాన్ని గుర్తుపట్టి పీకించడమే ఆయన పని.

ఆయనకు ఒక సాఫ్ట్‌వేర్ కొనిచ్చారు. థీసిస్ అందులో వేస్తే, ఇంకెక్కడో కనిపించిన మాట మళ్లీ కనిపించిన ప్రతిచోటా ఎర్రరంగు పూసి, చివర ఇంత శాతం నకలు అని తేలుస్తుంది. పది శాతం దాటితే థీసిస్ వెనక్కి, డిగ్రీ పక్కకి.

మొదటి దెబ్బ కృతజ్ఞతల పేజీకి తగిలింది. మా పిల్లలందరూ "నన్ను కని పెంచిన తల్లిదండ్రులకు" అని మొదలుపెడతారు. యంత్రం దాన్ని ఎర్రగా మార్చేసింది. తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞతలో మౌలికత లోపించిందని చక్రధర్ గారు సర్క్యులర్ పంపారు. పిల్లలు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఒకడు "మా నాన్న లేకపోయినట్టయితే నా ఫీజులు ఇంకెవరో కట్టవలసి వచ్చేది" అని రాసి గట్టెక్కాడు. ఒకమ్మాయి తల్లిని పూర్తిగా తీసేసి పక్కింటావిడకు కృతజ్ఞత చెప్పింది. అది చాలా మౌలికంగా ఉందని నోటీసు బోర్డులో పెట్టారు. తర్వాత థీసిస్ చివర ఇచ్చే పుస్తకాల పట్టిక అందరిదీ ఒకేలా ఉందని బయటపడింది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు విద్యార్థులు చదవరాదని నియమం పెట్టారు. మా లైబ్రరీలో ఇద్దరు చదివిన పుస్తకాలు పెద్దగా లేవు కాబట్టి దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఇక్కడిదాకా నేనూ స్టాఫ్ రూములో కూర్చుని నవ్వినవాణ్ణే. నవ్వు ఆగింది మేకల సౌజన్య థీసిస్ దగ్గర.

సౌజన్య నా దగ్గర ఎమ్మెస్సీ చేస్తోంది. కోత అయిపోయాక, ధాన్యం అమ్మేలోపల వరి రైతు ఎందుకు నష్టపోతాడన్నది ఆ పిల్ల అంశం. ఇది మేం సరదాకి పెట్టుకున్న అంశం కాదు. ఏ ఊరికి కల్లం కట్టించాలో తేల్చడానికి జిల్లాలో ఒక కమిటీ ఉంది. కల్లమంటే ఊరంతా వడ్లు ఎండబోసుకోవడానికి వేసే సిమెంటు గచ్చు. ఇప్పలచెలక సంగతి చూసి చెప్పమని ఆ కమిటీయే మా విభాగానికి రాసింది. విశ్వవిద్యాలయం ఆమోదించిన థీసిస్ వస్తే దాన్నిబట్టి నిర్ణయిస్తామంది.

మా శాస్త్రంలో రైతు నష్టపోవడానికి మంచి మంచి సమీకరణాలున్నాయి. సౌజన్యకు అవన్నీ వచ్చు. అవి చేసి, ఇంకో పని కూడా చేసింది. "మీరెందుకు నష్టపోయారు?" అని ఒక్కొక్కర్నీ అడిగి, వాళ్లన్నది వాళ్లన్నట్టే రాసి, థీసిస్ చివర జతచేసింది. మొదట అడిగింది బొల్లం ఐలయ్యను. ఆయన చెప్పింది ఇది:

"వడ్లు ఎండబోసుకునే జాగ లేదు. రోడ్డు మీద పోసినం. వానొచ్చింది, తడిసినయ్. తేమ ఎక్కువున్నదని కొనేకాడ బస్తాకింత అని కోసిన్రు."

రెండోవాడు పోశాలు. అతనూ అదే చెప్పాడు. మూడో మనిషి లచ్చవ్వ. మొగుడు పోయాక ఉన్న కాస్త పొలం ఒక్కతే చేసుకుంటోంది. ఆవిడ చెప్పిందీ అదే. చెప్పడం అయ్యాక సౌజన్య చెయ్యి పట్టుకుని అడిగింది.

"బిడ్డా, గిది రాస్తే మా ఊరికి కల్లం వస్తదా?"

"మీరు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్త అవ్వా. అది చూసే కల్లం ఇస్తరు," అంది సౌజన్య.

ఆ మాట ఇస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి బుర్ర ఊపాను.

థీసిస్ యంత్రంలో వేశాం. ముందు భాగమంతా తెల్లగానే ఉంది. రైతుల మాటల దగ్గరకొచ్చేసరికి పేజీలకు పేజీలు ఎర్రబడ్డాయి. ఐలయ్య మాట ఒక్కటే తెల్లగా మిగిలింది, అదే మొదటిది కాబట్టి. చక్రధర్ గారు మా ఇద్దర్నీ పిలిపించారు.

"పురుషోత్తం గారూ, దీన్ని థీసిస్ అంటారా, నకళ్ల సంత అంటారా?"

"అవి రైతులన్న మాటలు సార్."

"నా ఆవేదన కూడా అదే. విద్యార్థిని పట్ల నాకు ఎట్టి సందేహమూ లేదు. ఆమె స్వయంగానే సేకరించింది. చౌర్యం రైతు స్థాయిలో జరిగింది."

నేను తల గోక్కున్నాను. ఆయన దాన్ని అంగీకారం కింద తీసుకున్నారు.

"ఐలయ్య అనే సమాధానదారు ఒక భావాన్ని ప్రతిపాదించాడు. జాగ లేదు, రోడ్డు మీద పోశాం, వాన వచ్చింది. చక్కని భావం. తదనంతరం వచ్చినవారందరూ దాన్నే యథాతథంగా వాడుకున్నారు. వారిలో ఒక్కరైనా 'ఐలయ్య పేర్కొన్నట్టు' అని ఆధారం చూపారా?"

"వాన అందరి మీదా ఒకేసారి పడింది సార్."

చక్రధర్ గారు కళ్లద్దాలు తీసి నిదానంగా తుడుచుకున్నారు. "వాన ఒకటే కావచ్చు. తడవడంలో వ్యక్తిత్వం ఉండాలి."

సౌజన్య ఉండబట్టలేకపోయింది. "సార్, వాళ్లు చెప్పింది నిజం కదా!"

"నిజమేనమ్మా. నేను కాదనలేదు. కానీ ఒకసారి చెప్పేసిన నిజం పరిశోధనకు పనికిరాదు. కొత్త నిజం కావాలి."

ఆ వారంలోనే నష్టకారణ మౌలికతా విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు చక్రధర్ గారు. నన్ను సభ్యుడిగా వేశారు, విద్యార్థిని గైడుని కాబట్టి నిష్పాక్షికంగా ఉంటానని. సంఘం యూనివర్సిటీ బస్సులో బ్యానరు కట్టుకుని ఇప్పలచెలక బయల్దేరింది.

ఊళ్లోవాళ్లు మేం కల్లం కొలతలకు వస్తున్నామనుకున్నారు. బడి వెనక ఖాళీ జాగాలో తుమ్మచెట్లు కొట్టేసి, రాళ్లేరి, కల్లం ఎక్కడినుంచి ఎక్కడిదాకా రావాలో ముగ్గుపిండితో గీతలు గీసి పెట్టారు. ఆడవాళ్లు నీళ్లు చల్లి ఉంచారు. బస్సు ఆ జాగా ముందునుంచే వెళ్లి పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగింది. నేను అందరికంటే ఆఖరున దిగాను.

విచారణ మొదలైంది. ముందు పోశాలును పిలిచారు.

"నష్టానికి మీరు చెప్పిన ఈ కారణం మీకెవరు చెప్పారు?" అని అడిగారు చక్రధర్ గారు.

"ఎవరు జెప్తరు సారూ? పైనుంచి పడ్డది గదా."

"ఈ కారణాన్ని గతంలో ఎన్నడైనా వినియోగించారా?"

"పోయినేడు గూడ గిట్లనే అయింది. మా నాయిన కాలంల గూడ గంతే."

చక్రధర్ గారు గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకోవయ్యా. తన పాత కారణాన్నే తాను తిరిగి వాడుకున్నాడు. కుటుంబ చరిత్ర కూడా ఉంది."

తర్వాత లచ్చవ్వ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వు ఐలయ్యను చూసి చెప్పావామ్మా?"

"ఐలయ్యనేం జూస్త? నా వడ్లు జూస్కుంట ఏడ్సిన."

"నువ్వు ఏడవడానికి ముందే ఐలయ్య ఏడ్చి ఉన్నాడా?"

లచ్చవ్వ కాసేపు ఆలోచించింది. ఆవిడకు ప్రశ్న వింతగా అనిపించినట్టు లేదు. పెద్దసార్లు అడుగుతున్నారంటే ఏదో అవసరమే అనుకున్నట్టుంది. "పక్కపక్క కుప్పలే గదా సారూ. ఇద్దరం ఒక్కసారే ఏడ్సినం."

"సామూహికం," అన్నారు చక్రధర్ గారు. గుమాస్తా రాసుకున్నాడు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. వానవల్ల నష్టపోవడమనే భావనకు మూలకర్త బొల్లం ఐలయ్యేనని సంఘం గుర్తించింది. ఇకమీదట ఇప్పలచెలకలో ఎవరైనా నష్టానికి వాన కారణమని చెప్పదలిస్తే ఐలయ్య పేరు చెప్పి మాత్రమే చెప్పాలి. మిగతావారు మందలింపుతో సరి. ఐలయ్యను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి, ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. ఐలయ్య ముఖం చూస్తే శాలువా కింద దాక్కోవాలని ఉన్నట్టుంది.

"నాకొద్దు సారూ! ఊరోళ్లు నన్ను బతకనియ్యరు."

"వినయం కూడా మౌలికంగా ఉంది," అని మెచ్చుకున్నారు చక్రధర్ గారు.

బస్సు కదులుతుంటే లచ్చవ్వ గొంతు వినిపించింది. "ఏమోయ్ ఐలయ్యా, ఇగ మొగులై వానొస్తె నిన్నడిగి తడవాల్నా?"

మందలింపుతో థీసిస్ తెల్లబడదు కదా. రైతులు కొత్త కారణాలు చెబితే తప్ప దాన్ని తీసుకునేది లేదన్నారు. అందుకు చక్రధర్ గారే దారి చూపించారు. నష్టకారణ వైవిధ్య శిక్షణా శిబిరం. ఇప్పలచెలక రైతులను క్యాంపస్‌కు తీసుకొచ్చి, ఎవరి నష్టానికి వారు సొంత కారణం కనిపెట్టుకునేలా తీర్చిదిద్దడం.

సౌజన్య ఒప్పుకోలేదు. నా గదికి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఉన్నదున్నట్టు రాస్తానని మాటిచ్చిన సార్. అబద్ధాలు రాసి నేను డిగ్రీ తీసుకోను."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆ పిల్లను ఒప్పించింది నేను కాదు, రైతులే. శిబిరానికి బస్సెక్కబోతూ లచ్చవ్వ సౌజన్యకు ఫోన్ చేసింది.

"బిడ్డా, కల్లం రావాల్నంటె నీ పుస్తకం పాస్ గావాలె. పాస్ గావాల్నంటె ఏరే ఏరే చెప్పాలె. గంతేగదా? చెప్తం తియ్యి. నువ్వు రంధి పెట్టుకోకు."

అంత సూటిగా మా విభాగంలో ఎవరమూ ఆలోచించలేదు.

శిబిరం ఆడిటోరియంలో జరిగింది. ఉప్మా, టీ, ఒక్కొక్కరికి ఒక సంచి, సంచిలో పెన్ను. శిక్షకుడు విస్తరణ విభాగం నుంచి వచ్చాడు. రైతుల్ని చుట్టూ నిలబెట్టి చేతికి బంతి ఇచ్చాడు. బంతి ఎవరికి వస్తే వాళ్లు ఒక కొత్త కారణం చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు.

ముందు బంతి అందినవాళ్లు అదృష్టవంతులు. ఎలుకలు ఒకరికి, పిచ్చుకలు ఒకరికి, దొంగలు ఒకరికి దక్కాయి. "నా కర్మ" అన్న కారణానికి చాలామంది పోటీపడ్డారు. చీట్లు వేసి ఒక్కరికే ఇచ్చారు. మిగతావాళ్లకు కర్మ లేదన్నారు. పోశాలుకు బంతి వచ్చేసరికి తేలికవన్నీ అయిపోయాయి. అతను బంతిని అటూఇటూ తిప్పి, "మా బామ్మర్ది పెండ్లిల బ్యాండు చప్పుడుకు నేను వడ్ల ముచ్చట మర్శిపోయిన," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇంకొకాయన తన ఎద్దు వడ్లు తినేసిందన్నాడు. ఆయనకు ఎద్దు లేదని పక్కాయన గుర్తుచేశాడు.

"ఫరవాలేదు," అన్నారు చక్రధర్ గారు వెనక వరసలోంచి. "లేని ఎద్దు తినడం ఇంతవరకు ఏ థీసిస్‌లోనూ రాలేదు."

ఆఖరున మిగిలింది లచ్చవ్వ. బంతి ఆవిడ ఒళ్లో పడి ఉంది. శిక్షకుడు బతిమాలాడు. ఆవిడ బంతిని తిరిగి ఇచ్చెయ్యబోయింది. "నాకు వస్తలేదు సారూ," అంది. హాలంతా ఎదురుచూస్తోంది. ఉప్మా చల్లారిపోతోందని వంటవాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. అప్పుడంది:

"నాకు వడ్లు ఎండబెట్టుడు రాదు. రాస్కోండ్రి."

ఆ మాట అంటూ ఎవరి ముఖమూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వడ్లు ఎండబెడుతున్న మనిషి. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. సౌజన్య చప్పట్లు కొట్టలేదు. ఆ మాటను రాసుకుని లేచి బయటికి వెళ్లిపోయింది.

ఈసారి థీసిస్ యంత్రంలోంచి మల్లెపువ్వులా వచ్చింది. విశ్వవిద్యాలయ చరిత్రలోనే అత్యంత మౌలికమైన పరిశోధన అన్నారు. సౌజన్యకు బంగారు పతకం ప్రకటించారు. ఒకే ఊళ్లో ఇన్ని రకాలుగా నష్టపోగలగడం మన రైతుల బహుముఖ ప్రజ్ఞకు నిదర్శనమని వైస్ చాన్సలర్ గారు ప్రసంగించారు. ఆ ప్రసంగం మాత్రం ఎక్కడో విన్నట్టే అనిపించింది.

థీసిస్ కల్లాల కమిటీకి వెళ్లింది. కమిటీవాళ్లు శ్రద్ధగా చదివారు. అదే కొంప ముంచింది. జవాబు నా బల్ల మీదకు వచ్చింది. అందులో ఇలా ఉంది: ఇప్పలచెలకలో ధాన్యం ఆరబెట్టుకొనుటకు స్థలము లేదని చెప్పినవారు బొల్లం ఐలయ్య ఒక్కరే అయినందున, ఒక వ్యక్తి నిమిత్తము కల్లం నిర్మించుట సమంజసము కాదు. ఆయనకు ఒక టార్పాలిన్ మంజూరు చేయడమైనది. మిగతా రైతుల సమస్యలు వేర్వేరు అయినందున వేర్వేరుగా పరిష్కరించబడును. పిచ్చుకలతో బాధపడు రైతుకు ఒక దిష్టిబొమ్మ. ఎద్దు గల రైతుకు కట్టుతాడు. పోశాలు బావమరిదికి శబ్ద నియంత్రణపై సలహాపత్రం. లచ్చవ్వకు వడ్లు ఎండబెట్టుటలో ప్రాథమిక శిక్షణ, ధ్రువపత్రముతో సహా.

సౌజన్య ఆ కాగితం చదివి నా చేతికి తిరిగి ఇచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపంగా ఉంది. నా మీద కూడానేమో.

వానాకాలం పంట కోతకొచ్చింది. ఇప్పలచెలకలో మళ్లీ రోడ్డు పొడవునా వడ్లు పోశారు. మళ్లీ వాన పడింది, తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా. ఆ సాయంత్రం సౌజన్య నా బండెక్కి కూర్చుంది. "పోదాం సార్," అంది. ఇప్పలచెలక వైపు బండి తిప్పాను.

ఊరి రోడ్డు మీద కాలు పెట్టడానికి సందు లేదు. తడిసిన కుప్పలు, పక్కన పారలతో మనుషులు. కొన్ని కుప్పల్లోంచి అప్పుడే నానిన వడ్ల వాసన వస్తోంది. ఐలయ్యకిచ్చిన టార్పాలిన్ లచ్చవ్వ కుప్ప మీద కప్పి ఉంది. ఐలయ్య వడ్లు పక్కనే నీళ్లలో నానుతున్నాయి.

"మీది మీరు కప్పుకోలేదేం?" అని అడిగాను.

ఐలయ్య నవ్వాడు. "నాదే గదా సారూ వాన. నాది నేనే తడుపుకున్న."

లచ్చవ్వ కుప్ప కూడా అడుగున తడిసిపోయింది. రోడ్డు మీద పారిన నీళ్లకు టార్పాలిన్ అడ్డం కాదు కదా.

కల్లాల కమిటీ నుంచి ఒక అధికారి నష్టం రాసుకోవడానికి వచ్చాడు. జీపు ఊరి బయటే ఆపి, ప్యాంటు మడిచి, వడ్లు తొక్కకుండా గట్టు వెంట నడిచి వచ్చాడు. కొత్తగా వచ్చినవాడిలా ఉన్నాడు. ముందు పోశాలును అడిగాడు.

"మీ ధాన్యం తడవడానికి కారణం?"

పోశాలు ఐలయ్య వైపు చూశాడు. ఐలయ్య నేల వైపు చూశాడు. పోశాలు నోరు తెరవలేదు. అధికారి ఇంకొకర్ని అడిగాడు. ఆయనా మాట్లాడలేదు. ఆయన చొక్కా ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. అధికారి ఆకాశం వైపు చూసి, వాళ్లవైపు చూసి, నావైపు చూశాడు. మేం వాళ్లకు చాలా బాగా శిక్షణ ఇచ్చాం.

అప్పుడు లచ్చవ్వ మెల్లగా సౌజన్య దగ్గరికి వచ్చి, బడిలో పిల్ల అడిగినట్టు అడిగింది.

"బిడ్డా, వాన అనొచ్చా? ఏరేది జెప్పాల్నా?"

సౌజన్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అనవ్వా," అంది. "గట్టిగా అను."

లచ్చవ్వ అధికారి వైపు తిరిగింది. "వడ్లు ఎండబోసుకునే జాగ లేదు. రోడ్డు మీద పోసినం. వానొచ్చింది, తడిసినయ్."

పోశాలు అదే చెప్పాడు. ఎలుకలవాడు అదే చెప్పాడు. లేని ఎద్దు ఉన్నాయన అదే చెప్పాడు. కర్మ గెలుచుకున్నాయన కర్మను వదిలేసి అదే చెప్పాడు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే మాట. అధికారి రాస్తూ రాస్తూ తలెత్తాడు.

"ఏంటమ్మా, అందరూ ఒకటే చెప్తున్నారు?"

"అందరం ఒక్కకాడనే తడిసినం సారూ," అంది లచ్చవ్వ.

అధికారి కలం జేబులో పెట్టుకున్నాడు. కల్లానికి జాగా ఉంటే చూపించమన్నాడు. బడి వెనక్కి తీసుకెళ్లాం. ముగ్గు గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఐలయ్య, పోశాలు కలిసి నాలుగు మూలలా మేకులు కొట్టి చూపించారు. సౌజన్య తన సంచిలోంచి పాత థీసిస్ ఎర్రపేజీలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ వాటిని మోస్తూ తిరుగుతోందని నాకు తెలియదు.

మర్నాడు సౌజన్య విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చింది: ఆమోదం పొందిన థీసిస్ అబద్ధమనీ, మొదటిదే నిజమనీ, పతకం తనకు అక్కర్లేదనీ. చక్రధర్ గారు మండిపడ్డారు. పతకం వెనక్కి తీసుకున్నారు. డిగ్రీ ఇప్పటికీ విచారణలోనే ఉంది. నాకు మెమో ఇచ్చారు. రైతులకు కూడా ఇచ్చారు: సంఘం ఆదేశాలకు విరుద్ధంగా మూలకర్త పేరు చెప్పకుండా వాన అనే కారణాన్ని బహిరంగంగా వాడినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

రైతుల జవాబు ఒకే కాగితం మీద వచ్చింది. మధ్యలో ఒక్క వాక్యం: "వానొచ్చింది, తడిసినం." చుట్టూ సంతకాలు, వేలిముద్రలు, సూర్యుడి బొమ్మలాగా గుండ్రంగా. ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలియదు. చక్రధర్ గారు భూతద్దం పెట్టుకుని మొదటి వేలిముద్ర ఎవరిదో ఇంకా వెతుకుతున్నారు. నా మెమోకు నేనూ అదే వాక్యం రాసి పంపాను. చూసే రాశాను.

చలి తగ్గేవేళకు కల్లం మంజూరైన ఉత్తర్వు వచ్చింది. సౌజన్య, నేను రెండుమూడుసార్లు చదువుకున్నాం. మూడో పేరా దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. కిందటేడు ఇంకేదో ఊరికిచ్చిన ఉత్తర్వును చూసి టైపు చేసినట్టుంది. ఒకచోట ఇప్పలచెలక బదులు ఆ ఊరి పేరే ఉండిపోయింది.

దాన్ని యంత్రానికి చూపించకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం. కాని లచ్చవ్వ దగ్గర సౌజన్యకు దాపరికం లేదు. గచ్చు పోస్తున్న రోజున ఈ సంగతి చెప్పేసింది. లచ్చవ్వ తడి సిమెంటు మీద కోళ్లు నడవకుండా అదిలిస్తూ వింది.

"పోనీ తియ్యి బిడ్డా," అంది. "సూసి రాసినా మంచిగనే రాసిన్రు."